బెనిడోర్మ్‌లో వారం రోజులు: ఏది ముందు, ఏది తర్వాత

(బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని స్పెయిన్ సముద్రతీరానికి వెళ్దామనుకునేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. అందులో ఎక్కువగా వినిపించే పేరు బెనిడోర్మ్. అందుకని ఇవాళ ఆ ఒక్క ఊరి గురించే మాట్లాడతాను. పది ఊళ్ల గురించి పైపైన చెప్పడం కన్నా ఒక ఊరిని పూర్తిగా చూపిస్తే మీకు పనికొస్తుంది.

ఈ సెలవులు చెడిపోవడానికి తరచుగా కనిపించే కారణం ఒకటే. పనులు తలకిందులుగా చేసుకురావడం. చవగ్గా కనపడిందని ముందు విమానం టికెట్ కొనేస్తారు. ఆ తేదీలకు మిగిలిన హోటల్ ఏదుంటే అది తీసుకుంటారు. ఆఖర్న వీసా అపాయింట్‌మెంట్ కోసం రాత్రిళ్లు కూర్చుని వెతుకుతారు. ముందు ఏ నెలో తేల్చుకోండి. తర్వాత పాస్‌పోర్టులు, వీసా సంగతి చూడండి. ఆ తర్వాత ఊళ్లో ఏ వైపు ఉండాలో నిర్ణయించుకోండి. విమానం చివర్న.

ముందుగా ఊరి స్వరూపం తెలియాలి. స్పెయిన్ తూర్పు తీరంలో, అలికాంతే ప్రావిన్సులో, కోస్తా బ్లాంకా అనే తీరభాగం మీద ఉంది బెనిడోర్మ్. ఊరు దక్షిణం వైపు సముద్రాన్ని చూస్తూ ఉంటుంది. మధ్యలో ఒక రాతి కొన సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. పాత ఊరు, నీలిరంగు గుమ్మటాల చర్చి దాని మీదే ఉన్నాయి. ఆ కొనకు తూర్పున లెవాంతే బీచ్, 2 కిలోమీటర్లు. పడమర పొనియెంతే బీచ్, 3 కిలోమీటర్లు. రెండింటి మధ్య, పాత ఊరి కిందే మాల్ పాస్ అనే బుల్లి బీచ్ ఉంది. వెనకాల 1,400 మీటర్లు దాటిన పుయిగ్ కంపానా కొండ, తూర్పు అంచున సెర్రా జెలాదా కొండలు. ఉత్తరపు చలిగాలిని ఈ కొండలు చాలావరకు ఆపేస్తాయి కాబట్టే అక్కడ చలికాలం కూడా మెత్తగా ఉంటుంది.

1950ల్లో ఇది జాలర్ల ఊరు. అప్పటి మేయర్ పెద్రో సరగోసా పట్టుబట్టి 1956లో ఊరంతటికీ ఒక ప్రణాళిక తయారు చేయించారు. వెడల్పాటి వీధులు, తర్వాతి రోజుల్లో చుట్టూ తోట, ఈతకొలను వదిలి నిటారుగా కట్టిన భవనాలు అలా వచ్చాయి. 2002లో తెరిచిన గ్రాన్ హోటల్ బాలి 186 మీటర్ల ఎత్తు. ఫొటోల్లో ఆ టవర్లు చూసి "ఇదేం కాంక్రీటు అడవి" అని మొహం తిప్పుకునేవాళ్లున్నారు. నా దృష్టిలో ఆ టవర్లే ఈ ఊరి బలం. జనం పైకి పేర్చినట్టు ఉంటారు కాబట్టి మూడో వీధి హోటల్ నుంచి కూడా పది నిమిషాల్లో నడిచి నీళ్ల దగ్గరికి చేరతారు. కారు అక్కర్లేదు. భవనాలు ఇసుకకు ఉత్తరాన ఉన్నాయి, ఎండ దక్షిణం నుంచి వస్తుంది. అందుకే అంత ఎత్తు కట్టడాలున్నా నడిమధ్యాహ్నం వాటి నీడ బీచ్ మీద పడదు.

ఇక నెల సంగతి. మే నెలలో పగటి ఎండ దాదాపు 23 డిగ్రీలు, హాయిగా ఉంటుంది. సముద్రం మాత్రం 18, 19 డిగ్రీల దగ్గరే ఉంటుంది. పిల్లలు మోకాళ్ల దాకా దిగి కేకలు పెట్టి వెనక్కి వచ్చేస్తారు. జూన్ ఆఖరుకి నీళ్లు 22 దాటతాయి. జూలై, ఆగస్టుల్లో పగలు 30, 31, నీళ్లు 25, 26. నీళ్లు వేడెక్కడానికీ చల్లబడడానికీ గాలికన్నా ఎక్కువ కాలం పడుతుంది కాబట్టి సెప్టెంబరులో ఎండ తగ్గినా సముద్రం 25 దగ్గరే ఉంటుంది. బడికెళ్లే పిల్లలు లేనివాళ్లు, మనవల్ని చూడడానికి వచ్చిన పెద్దవాళ్లు సెప్టెంబరు మొదటి సగంలో వెళ్లండి. అంతకంటే మంచి సమయం లేదు.

సెప్టెంబరు రెండో సగం నుంచి ఒక జాగ్రత్త. వేసవంతా వేడెక్కిన సముద్రం మీదికి పైనుంచి చల్లగాలి ముద్ద వచ్చి నిలబడితే ఆ తీరంలో గంటల్లో కుండపోత కురుస్తుంది. స్పెయిన్‌లో దాన్ని దానా అంటారు. 2024 అక్టోబర్ 29న పక్కనున్న వాలెన్సియా ప్రావిన్సులో భారీ ప్రాణనష్టం జరిగింది దానివల్లే. స్పెయిన్ వాతావరణ సంస్థ ఆరెంజ్, రెడ్ హెచ్చరిక ఇచ్చిన రోజున ఎండిన వాగుల పక్కకి, భూగర్భ పార్కింగులోకి వెళ్లొద్దు. ఆకాశం నీలంగా ఉన్నా సరే. వాన పైన కొండల్లో పడుతుంది, నీళ్లు కిందికి వస్తాయి.

బడికెళ్లే పిల్లలుంటే మీ చేతిలో ఉన్నవి మే ఆఖరి వారం, జూలై చివర్నుంచి ఆగస్టు ఆఖరు వరకు. బడి జరుగుతుండగా తీసుకెళ్తే ఇంగ్లండులో జరిమానా ఒక్కో పిల్లకి, తల్లికీ తండ్రికీ విడివిడిగా 80 పౌండ్లు. 21 రోజుల్లో కట్టకపోతే 160. ఇద్దరు పిల్లలుంటే 80 చొప్పున నాలుగు. ఆగస్టు 15 స్పెయిన్ అంతటా సెలవు. ఆ వారం మాద్రిద్ జనం కూడా తీరానికి దిగుతారు. గదుల ధర, రద్దీ రెండూ అప్పుడే శిఖరానికి చేరతాయి. ఆగస్టే తప్పదంటే ఆఖరి వారం చూడండి.

ఇప్పుడు వీసా. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే డబ్బు ఎక్కువ పోయేది ఇక్కడే. మన ఇళ్లలో ఒకే ఇంట్లో రెండు రకాల పాస్‌పోర్టులుంటాయి. బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి వీసా అక్కర్లేదు. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు ఉండొచ్చు. కాకపోతే పాస్‌పోర్టు ఇచ్చి పదేళ్లు దాటకూడదు, తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో 3 నెలలు చెల్లాలి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి బ్రిటన్‌లో ఎన్నేళ్లుగా ఉన్నా, శాశ్వత నివాసం ఉన్నా షెంగెన్ వీసా, అంటే స్పెయిన్‌తో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా, తప్పదు. భార్యకి బ్రిటిష్ పాస్‌పోర్టు ఉంది కదా అని భర్తకి మినహాయింపు రాదు. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నప్పటి ఆ సౌకర్యం ఇప్పుడు లేదు.

దరఖాస్తు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, 15 రోజుల ముందు వరకే తీసుకుంటారు. అంటే జూలై 25న వెళ్లేవాళ్లకి తలుపు జనవరి 25న తెరుచుకుంటుంది. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, కొన్ని కేసుల్లో 45 రోజుల వరకు సాగదీయొచ్చు. స్పెయిన్ వీసాలు చూసే కేంద్రాల్లో వేసవి అపాయింట్‌మెంట్లు వారాల ముందే అయిపోతాయి. కాబట్టి ఫిబ్రవరి, మార్చి నెలల్లో అపాయింట్‌మెంట్ పట్టుకున్నవాళ్లు నిశ్చింతగా ఉంటారు, మే నెలలో మొదలుపెట్టినవాళ్లు ఉరుకులు పరుగులు పెడతారు. రుసుము పెద్దవాళ్లకి 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకి 45, ఆరేళ్ల లోపు ఉచితం. పైన కేంద్రం వాళ్ల సేవా రుసుము ఉంటుంది. వేలిముద్రలు ఒకసారి ఇస్తే 59 నెలలు పనికొస్తాయి. 12 ఏళ్ల లోపు పిల్లలకి వేలిముద్రలు తీసుకోరు.

కాగితాల్లో తరచూ బెడిసికొట్టేవి చెబుతాను. ఒకటి, ఇన్సూరెన్స్. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు, స్వదేశానికి తరలింపు దాని మీద స్పష్టంగా రాసి ఉండాలి. ప్రయాణపు రోజులన్నీ అందులోకి రావాలి, ఒక్క రోజు తగ్గినా తిప్పి పంపుతారు. రెండోది, బ్యాంకు స్టేట్‌మెంట్. స్పెయిన్ మనిషికి రోజుకింత అని లెక్క పెట్టుకుంటుంది. అది అక్కడి నెలసరి కనీస వేతనంలో పదో వంతు. 2025లో రోజుకి 118.40 యూరోలు. తొమ్మిది రోజుల లోపు ప్రయాణమైనా మనిషికి కనీసం 1,065.60 చూపాలి. నలుగురు కుటుంబానికి 4,262.40 యూరోలన్నమాట. ఈ అంకె ఏటా మారుతుంది, దరఖాస్తు పెట్టే సంవత్సరపు అంకె చూసుకోండి. అపాయింట్‌మెంట్‌కి రెండు రోజుల ముందు ఎవరో స్నేహితుడు వేసిన పెద్ద మొత్తం ఖాతాలో కనబడితే అధికారికి అనుమానం వస్తుంది. జీతం క్రమంగా పడుతున్న మామూలు ఖాతాయే మంచిది.

మూడోది మనకే ఉన్న తలనొప్పి, ఇంటిపేరు. మన పాత పాస్‌పోర్టుల్లో కొన్నింటిలో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, పేరంతా ఒకే గడిలో ఉంటుంది. విమాన సంస్థ ఫారం మాత్రం రెండో గడి నింపకుండా ముందుకు కదలదు. దీనికి ఒక్కో సంస్థది ఒక్కో పద్ధతి. టికెట్ కొనకముందే వాళ్లని అడిగి, వాళ్లు చెప్పినట్టు రాయండి. వీసా ఫారంలో, ఇన్సూరెన్స్‌లో, హోటల్ బుకింగ్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతో ఉండాలి. తీరిక దొరికితే పాస్‌పోర్టులోనే ఇంటిపేరు సరిచేయించుకోవడం శాశ్వత పరిష్కారం.

నాలుగోది కొత్తగా వచ్చింది. బ్రిటన్ నివాస కార్డులు పోయి ఇప్పుడన్నీ ఆన్‌లైన్ ఖాతాలో ఉండే ఈవీసాలే కదా. పాస్‌పోర్టు మార్చుకున్నవాళ్లు కొత్త నంబరు ఆ ఖాతాలో ఎక్కించకపోతే చిక్కు తిరుగు ప్రయాణంలో అలికాంతేలో వస్తుంది. కౌంటర్లో వాళ్ల కంప్యూటర్ మీకు బ్రిటన్‌లో ఉండే హక్కు ఉన్నట్టు చూపించదు. బయల్దేరే ముందే సరిచూసుకుని, మీ హక్కుని వేరేవాళ్లు ఆన్‌లైన్లో చూసుకునేందుకు పనికొచ్చే షేర్ కోడ్ ఒకటి తీసి ఫోన్లో ఉంచుకోండి.

వీసాకి హోటల్ బుకింగ్ చూపించాలి. ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గది తీసుకోండి. వీసా వచ్చాక దాన్ని రద్దు చేసి ఇంకోటి తీసుకుంటే కొత్త బుకింగ్ కాగితం చేతిలో ఉంచుకోవాలి, సరిహద్దులో అడగొచ్చు. విమానానికి తేదీ మార్చుకునే వీలున్న టికెట్ కొనండి. లేదా పోయినా భరించగలిగే ధరది కొనండి. వీసా తిరస్కరణకి డబ్బు వెనక్కిచ్చే చౌక టికెట్లు ఉండవు.

ఊళ్లో ఏ వైపు ఉండాలన్నది వీసా అంత ముఖ్యం. ఒకే ఊళ్లో మూడు ఊళ్లున్నాయనుకోండి. లెవాంతే తూర్పు కొస, రింకోన్ దే లోయిష్ అంటారు, ఆ వెనక వీధులు బ్రిటిష్ పబ్బులు, పాటల బార్లతో నిండి ఉంటాయి. కాయే మయోర్కా, కాయే జెరోనా అనే వీధుల చుట్టుపక్కల తెల్లవారేదాకా మోత. పెళ్లికి ముందు పార్టీలకొచ్చే గుంపులు దిగేది అక్కడే. చవక గదులు కూడా అక్కడే ఎక్కువ, మనవాళ్లు చిక్కుకునేదీ అందుకే. స్నేహితులతో వెళ్తే అది సరైన చోటే. రెండేళ్ల పాపతో, అత్తమామలతో వెళ్తే కాదు. పైగా అక్కడ నేల కొండవైపు ఎక్కుతూ పోతుంది. మ్యాపులో 600 మీటర్లని కనిపించింది స్ట్రోలర్ తోసుకుంటూ ఎండలో ఎక్కితే వేరే సంగతి.

లెవాంతే మధ్యభాగం, పాత ఊరికి దగ్గరైన కొస, సందడి కావాలి కానీ నిద్ర కూడా కావాలి అనేవాళ్లకి. పొనియెంతే పూర్తిగా కుటుంబాల వైపు. ఎక్కువగా స్పెయిన్ వాళ్లే వస్తారు, బీచ్ వెడల్పు, రాత్రి ప్రశాంతం. 2009లో పూర్తయిన అక్కడి రంగురంగుల అలల ఆకారపు నడకదారి సాయంత్రం పిల్లల్ని తిప్పడానికి ఎంతో బాగుంటుంది. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంటికి నా సలహా పొనియెంతేలో పాత ఊరికి దగ్గరున్న భాగం. సందడి కావాలనిపిస్తే పది, పదిహేను నిమిషాలు నడిస్తే చాలు, వద్దనుకుంటే వెనక్కి రావచ్చు.

హోటల్ ప్రకటనలో "సీ వ్యూ" అన్నదాన్ని జాగ్రత్తగా చదవండి. పక్కనుంచి సముద్రం కనిపించే గదికి స్పానిష్‌లో "లాతెరాల్" అన్న మాట తగిలిస్తారు. అంటే బాల్కనీ కొసన నిలబడి మెడ తిప్పితే కనిపిస్తుంది. అపార్ట్‌మెంట్ అద్దెకి తీసుకుంటే ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ ప్రాంతపు నంబరు "వీటీ" అక్షరాలతో మొదలై, అలికాంతే ప్రావిన్సుదైతే "ఏ"తో ముగుస్తుంది. నంబరు లేని ఇంటికి అడ్వాన్సు పంపొద్దు. బస ఎక్కడైనా పెద్దవాళ్లందరి పాస్‌పోర్టు వివరాలు, చిరునామా, ఫోన్ నంబరు తీసుకుంటారు. 2024 డిసెంబరు నుంచి అది చట్టం, అనుమానించకండి. బార్సిలోనాలో, మయోర్కా దీవిలో ఉన్నట్టు పర్యాటక పన్ను మాత్రం బెనిడోర్మ్‌లో లేదు.

భోజనంతో కూడిన గదా, ఉత్త గదా? అన్నీ కలిపిన ప్యాకేజీ మనకి గిట్టుబాటు కాదని నా అభిప్రాయం. అందులో సగం విలువ మద్యానిది. శాకాహారులకి అదే బఫేలో మూడో రోజుకి విసుగొస్తుంది. ఉదయం టిఫిన్ ఉన్న గది, లేదంటే వంటగది ఉన్న అపార్ట్‌హోటల్ తీసుకోండి. వంటగదిలో చాలాచోట్ల గాజు పలక పొయ్యి ఉంటుంది, గిన్నె అడుగు చదునుగా లేకపోతే వేడి సరిగ్గా ఎక్కదు. గుండ్రటి అడుగున్న మూకుడు తీసుకెళ్లి ప్రయోజనం లేదు.

ఏం తీసుకెళ్లకూడదో కూడా చెప్పాలి. బ్రిటన్ నుంచైనా, ఇండియా నుంచైనా యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లడం నిషేధం. చికెన్ పచ్చడి, నెయ్యి, పనీర్, పాలకోవా, పెరుగు డబ్బా అన్నీ ఇందులోకే వస్తాయి. పట్టుకుంటే తీసి పారేస్తారు. పసిపిల్లల పాలపొడికి మినహాయింపు ఉంది, మనిషికి 2 కిలోల వరకు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడికి ఈ అడ్డు లేదు. పచ్చి కరివేపాకు మాత్రం ధ్రువపత్రం లేకుండా కుదరదు, ఎండబెట్టి పొడి కొట్టుకుని వెళ్లండి.

విమానం దిగేది అలికాంతేలో. ఇక్కడినుంచి రెండున్నర గంటలు. చౌక విమానాల్లో ఉచితంగా ఇచ్చే బ్యాగు చిన్నది. రయానెయిర్‌లో 40, 30, 20 సెంటీమీటర్లు. ఈజీజెట్‌లో 45, 36, 20. చక్రాలు, పిడి కూడా కొలతలోకే. టేపు పెట్టి ఇంట్లోనే కొలవండి, గేటు దగ్గర కట్టించుకునే రుసుము ఒక్కోసారి టికెట్టంత ఉంటుంది. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఫోన్లో బోర్డింగ్ పాస్ ఉంది కదా అని నేరుగా సెక్యూరిటీకి వెళ్లకండి. చాలా సంస్థల్లో ముందు కౌంటర్లో వీసా తనిఖీ చేయించుకోవాలి, అది లేకపోతే గేటు దగ్గర ఆపేస్తారు. అవతల సరిహద్దులో కొత్త నమోదు పద్ధతి 2025 అక్టోబర్ 12 నుంచి దశలవారీగా మొదలైంది. మొదటిసారి ఫొటో తీస్తారు, బ్రిటిష్ పాస్‌పోర్టు వాళ్లకి వేలిముద్రలు కూడా. వీసా ఉన్నవాళ్ల వేలిముద్రలు అప్పటికే వాళ్ల దగ్గర ఉంటాయి. తిరుగు ప్రయాణంలో ఇవే వరసలుంటాయి కాబట్టి విమానానికి 3 గంటల ముందే అలికాంతే చేరండి.

ఎయిర్‌పోర్టు నుంచి బెనిడోర్మ్‌కి 60 కిలోమీటర్ల లోపే. నేరుగా వెళ్లే బస్సు ఉంది, ముప్పావు గంట పడుతుంది, మనిషికి సుమారు 10 యూరోలు, ముందే ఆన్‌లైన్లో తీసుకోవచ్చు. ట్రామ్ ఎయిర్‌పోర్టుకి రాదు, సామానుతో అటు ఆలోచించకండి. టాక్సీ లేదా వ్యాన్ మాట్లాడుకుంటే పిల్లల సీటు బుకింగ్‌లోనే అడగండి. 135 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న పిల్లలకి ఊళ్ల మధ్య ప్రయాణంలో అది తప్పనిసరి. కారు అద్దెకి తీసుకునేవాళ్లకి ఒక మాట. ఆ తీరపు మోటార్‌వే మీద 2020 నుంచి టోల్ లేదు. బెనిడోర్మ్‌లో పార్కింగ్ మాత్రం నరకం.

ఇక అక్కడ రోజు ఎలా గడపాలన్నది. దీన్ని ఎవరూ పట్టించుకోరు, అందుకే రెండో రోజుకే ఒళ్లు కమిలిపోతుంది. సూర్యుడు నడినెత్తికి ఎప్పుడొస్తాడు? హైదరాబాద్‌లో 12 దాటాక పావుగంట, ఇరవై నిమిషాలకి. లండన్‌లో వేసవి గడియారం ప్రకారం ఒంటిగంట దాటాక. బెనిడోర్మ్‌లో జూలైలో రెండు దాటాక. ఊరేమో దాదాపు గ్రీనిచ్ రేఖ మీదే ఉంది, గడియారం మాత్రం మధ్య యూరప్‌ది, అందులో వేసవికి ఇంకో గంట ముందుకి జరిపి ఉంటుంది. అందుకే మన అలవాటు లెక్క అక్కడ తప్పుతుంది. "మూడయింది, ఎండ తగ్గుతోంది, పదండి బీచ్‌కి" అని బయల్దేరేది సరిగ్గా మిట్టమధ్యాహ్నపు ఎండలోకే.

గడియారం చూడకుండా కొలిచే పద్ధతి ఉంది. మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్నంతసేపు ఎండ చర్మాన్ని గట్టిగా దెబ్బతీస్తుంది. జూన్ ఆఖర్లో బెనిడోర్మ్‌లో అది పావు తక్కువ పదకొండు నుంచి సాయంత్రం అయిదూ ఇరవై దాకా. పొద్దు కుంకేది తొమ్మిదిన్నరకి. కాబట్టి రోజుని రెండు ముక్కలు చేయండి. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా బీచ్. అప్పుడు గాలి తక్కువ, నీళ్లు నిశ్చలం, ఇసుక చల్లన, చోటు దొరుకుతుంది. తర్వాత స్నానం, భోజనం, నిద్ర. మళ్లీ అయిదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా. రోజుకి ఆరుగంటల సముద్రం, ఎవరూ కమలరు. స్పెయిన్ వాళ్లు మధ్యాహ్న భోజనం రెండింటికి, రాత్రి భోజనం తొమ్మిది తర్వాత తింటారు. ఈ పద్ధతి దానికి అతికినట్టు సరిపోతుంది.

సన్‌స్క్రీన్ మనకెందుకు, నల్లటి చర్మం కదా అనుకోవద్దు. కాలడానికి ఎక్కువసేపు పడుతుందేమో గానీ కాలుతుంది, మంగు మచ్చలు నెలల తరబడి పోవు. ఎంత రాయాలన్నదీ ముఖ్యమే. పెద్దమనిషి ఒంటికంతటికీ ఒకసారికి సుమారు 35 మిల్లీలీటర్లు, టీస్పూన్లలో ఏడు. రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చి తుడుచుకున్నప్పుడల్లా మళ్లీ. ఇద్దరు మనుషులు రోజుకి రెండుసార్లు రాసుకుంటే 140 మిల్లీలీటర్లు. అంటే 200 మిల్లీలీటర్ల డబ్బా ఒకటిన్నర రోజు కూడా రాదు. వారమంతా ఒకే డబ్బాతో నెట్టుకొచ్చామంటే నాలుగో వంతు కూడా రాయలేదన్నమాట. పిల్లలకి పొడుగు చేతుల ఈత చొక్కా వేయండి, రాయాల్సిన చర్మం సగం తగ్గుతుంది. డబ్బా అక్కడి సూపర్‌మార్కెట్లో కొనండి, చేతి బ్యాగులో బరువెందుకు.

సముద్రం దగ్గర ముందు జెండా చూడండి. ఆకుపచ్చ అంటే దిగొచ్చు, పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే ఎంత ఈతగాడైనా దిగకూడదు. ఆ అఖాతం మామూలుగా శాంతంగా ఉంటుంది, ఇసుక మెల్లగా లోతుకి పోతుంది. తూర్పుగాలి వీచినప్పుడు మాత్రం లెవాంతేలో అలలు లేస్తాయి. నీళ్లు లోపలికి లాగుతున్నట్టనిపిస్తే ఒడ్డుకి ఎదురీదొద్దు, ఒడ్డు వెంబడి పక్కకి ఈది ఆ లాగుడులోంచి బయటపడాలి. జెల్లీఫిష్ కుడితే సముద్రపు నీళ్లతోనే కడగండి. మంచినీళ్లు పోస్తే చర్మానికి అంటుకున్న విషపు గుళికలు ఇంకా పగులుతాయి. రుద్దకూడదు, ఇసుక వేయకూడదు. గుడ్డలో ఐసు చుట్టి పెట్టి, లైఫ్‌గార్డు దగ్గరికి వెళ్లండి. అర్ధరాత్రి నుంచి పొద్దున ఏడు దాకా సముద్రంలో ఈత నిషేధం, జరిమానా ఉంది. తెల్లారుజామున కుర్చీలు, గొడుగులు పాతి చోటు పట్టేసి హోటల్‌కి వెళ్లిపోతే మునిసిపాలిటీ వాళ్లు ఎత్తుకుపోతారు.

తిండి గురించి. "నేను వెజిటేరియన్" అంటే సరిపోదు. ఎన్సలాదా మిస్తా అనే సలాడ్‌లో ట్యూనా చేప ఉంటుంది, పప్పుల కూరలో పంది మాంసపు సాసేజ్ ముక్కలు మామూలే. "సిన్ కార్నే, సిన్ పెస్కాదో, సిన్ హామోన్" అని మూడూ విడివిడిగా చెప్పండి. మాంసం వద్దు, చేప వద్దు, హామ్ వద్దు అని. పాయెయా అనే అన్నం వంటకం కూరగాయలతో ఉన్నా అన్నం ఏ రసంలో ఉడికిందో అడగాలి, చాలాచోట్ల అది చేపల రసమే. అది మధ్యాహ్నపు వంటకం, కనీసం ఇద్దరికి చేస్తారు, అప్పటికప్పుడు వండితే అరగంట పడుతుంది. అయిదు నిమిషాల్లో వచ్చిందంటే ముందే వండి ఉంచింది. నిర్భయంగా తినగలిగినవి టమాటా పూసిన రొట్టె పాన్ కోన్ తొమాతే, వేయించిన పచ్చిమిరపకాయలు పిమియెంతోస్ దే పద్రోన్. గుడ్డు తినేవాళ్లకి తోర్తియా అనే బంగాళాదుంప ఆమ్లెట్. ఇండియన్ హోటళ్లు ఊళ్లో చాలానే ఉన్నాయి.

డబ్బు దగ్గర ఒక్కటి గుర్తుంచుకోండి. మెషీన్ "పౌండ్లలోనా, యూరోల్లోనా" అని అడిగితే ఎప్పుడూ యూరోలే. పౌండ్లు నొక్కితే మారకపు ధర వాళ్లిష్టం. లెవాంతే నడకదారిలో మూడు మూతల కింద బఠాణీ ఎక్కడుందో చెప్పమనే ఆట ఆడుతుంటారు. చుట్టూ గెలుస్తున్నట్టు కనిపించే జనం కూడా వాళ్ల మనుషులే. పువ్వు చేతిలో పెట్టి మీద పడే ఆడవాళ్లు దగ్గరికొచ్చినా అంతే, చేయి జేబు మీద పెట్టుకుని ముందుకి నడవండి.

(సభ నుంచి ప్రశ్న: ఇండియా నుంచి మా అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండడానికి వస్తున్నారండి. ఇక్కడికి వచ్చాక వాళ్లకి స్పెయిన్ వీసా పెట్టొచ్చా? అమ్మకి మోకాళ్ల నొప్పులు కూడా.)

ఇక్కడ పెట్టడం కష్టమమ్మా. నివాసముండే దేశంలోనే దరఖాస్తు పెట్టాలన్నది నియమం. సందర్శకులుగా వచ్చినవాళ్లది ఇక్కడ మామూలుగా తీసుకోరు. వాళ్లు విమానం ఎక్కకముందే హైదరాబాద్‌లోని స్పెయిన్ వీసా కేంద్రంలో పెట్టించండి. స్పెయిన్ నుంచి మళ్లీ బ్రిటన్‌కే వస్తారు కాబట్టి వాళ్ల బ్రిటన్ వీసా ఒకటి కన్నా ఎక్కువసార్లు ప్రవేశానికి ఉన్నదై ఉండాలి, చూసుకోండి. మోకాళ్ల సంగతంటారా, లెవాంతేలోనూ పొనియెంతేలోనూ నడవలేనివాళ్ల కోసం ప్రత్యేక స్థలాలున్నాయి. ఇసుక మీద చెక్కదారి, నీళ్లలో తేలే చక్రాల కుర్చీ, సాయానికి మనుషులు ఉంటారు. వేసవిలో ముందుగా సమయం అడిగి పెట్టుకుంటే మంచిది. గది మాత్రం పొనియెంతేలో చదునైన చోట తీసుకోండి.

(మరొకరు: పిల్లలకి జ్వరమొస్తే ఎక్కడికి వెళ్లాలండి?)

చిన్న వాటికి ఆకుపచ్చ సిలువ గుర్తున్న ఫార్మసీ చాలు. అత్యవసరమైతే 112. ఆ ప్రాంతపు ప్రభుత్వ ఆసుపత్రి పక్క ఊరు వియాహోయోసాలో ఉంది, మరీనా బైషా అంటారు. హోటల్ వాళ్లు డాక్టరుని పిలుస్తామంటే అది ప్రైవేటా, ప్రభుత్వమా అని ముందు అడగండి. ప్రైవేటైతే ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసి కేసు నంబరు తీసుకున్నాకే వెళ్లండి, లేకపోతే బిల్లు మీ మీద పడుతుంది. బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ఇచ్చే గ్లోబల్ హెల్త్ కార్డు ప్రభుత్వ ఆసుపత్రిలోనే పనిచేస్తుంది. అర్హత ఉంటే ఉచితంగా తీసుకోండి, కానీ దాన్ని ఇన్సూరెన్స్ అనుకోకండి.

(ఇంకొకరు: వారమంతా బీచేనా? ఒక రోజు బయటికి ఎక్కడికి వెళ్లొచ్చు?)

మధ్యలో నాలుగో రోజు పెట్టుకోండి, అప్పటికి పిల్లలకి ఇసుక మొహం మొత్తుతుంది. ట్రామ్ మొదటి లైన్ ఎక్కితే వియాహోయోసా. రంగులు వేసిన జాలర్ల ఇళ్లు, చాక్లెట్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. రెండో దిక్కున తొమ్మిదో లైన్‌లో అల్తేయా, తెల్లటి ఇళ్ల కొండ ఊరు, మెట్లు చాలా ఉంటాయి కాబట్టి సాయంత్రం వెళ్లాలి. నడిచేవాళ్లకి ఆల్బిర్ లైట్‌హౌస్ దారి, పోను రెండున్నర కిలోమీటర్లు, తారు వేసి ఉంటుంది, స్ట్రోలర్ కూడా పోతుంది. నీడ తక్కువ, దారిలో నీళ్లు దొరకవు. మనిషికో లీటరు తీసుకుని, పొద్దున తొమ్మిదికల్లా బయల్దేరండి.